నిండు నిమిషం

ఆసుపత్రుల్లో ఒక చిన్న అబద్ధం ఉంది. ఎవరికీ హాని చేసేలా కనిపించదు కాబట్టి ఇన్నేళ్ళుగా హాయిగా బతికేస్తోంది. జ్వరం చూడ్డానికి థర్మామీటరుంది. బీపీకి మిషనుంది. నాడి ఎంత కొట్టుకుంటోందో వేలికి తగిలించే క్లిప్పు చెప్పేస్తుంది. ఊపిరికి మాత్రం మామూలు వార్డుల్లో ఏ మిషనూ ఉండదు. మనిషి పక్కన నిలబడి, ఛాతీ ఎన్నిసార్లు లేచి దిగుతోందో నిమిషం పాటు కళ్ళతో చూసి లెక్కపెట్టాల్సిందే. ముప్పై మంచాల వార్డులో ఇంజెక్షన్లూ కట్లూ ఫోన్లూ బంధువుల ప్రశ్నలూ మీద పడుతుంటే, ఊరికే నిలబడి ఒకరి ఊపిరి చూసే తీరిక ఎవరికుంది? అందుకని చాలామంది నర్సులు పేషెంటు మొహం కేసి ఒక చూపు చూసి, శ్వాస దగ్గర ‘ఇరవై’ అని రాసి ముందుకు పోతారు. పెద్దవాళ్ళు మామూలుగా నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తారు గనక ఆ అంకెను ఎవరూ నిలదీయరు.

ఈ కథలోని నర్సుకు ఆ అంకే పేరైపోయింది. చదువుకునే రోజుల్లో ఒక పొద్దున ఆమె వరసగా ఆరు మంచాలకు గబగబా ఇరవై, ఇరవై అని రాసేసి, పని అయిందనిపించుకుని, కిటికీ దగ్గర స్నేహితురాలితో కబుర్లలో పడింది. ఆ ఆరింటిలో ఒక మంచం ఖాళీ. ఆ మంచం మీది మనిషి అంతకుముందే సంచీ సర్దుకుని ఇంటికెళ్ళిపోయింది. అది వాళ్ళ టీచరు కంట పడింది. ఆవిడ ఆ ఖాళీ మంచం పక్కన నిలబడి వార్డంతా వినేలా పిలిచారు.

“ఏమ్మా, ఇలా రా. ఈ పరుపు నిమిషానికి ఇరవై సార్లు ఊపిరి తీస్తోందట. నాకు కళ్ళు సరిగా ఆనట్లేదు. కాస్త చూపించి పుణ్యం కట్టుకో.”

కుట్ల నొప్పితో ఉన్నవాళ్ళు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. ఆ పిల్ల మొహం కందగడ్డ అయింది. ఆ రోజు నుంచి ఆమెను కన్నవాళ్ళు తప్ప అందరూ ‘ఇరవై’ అనే పిలిచారు. పెళ్ళికి వచ్చిన స్నేహితురాళ్ళు కూడా ‘ఇరవై, కంగ్రాట్స్’ అని అరిస్తే, పెళ్ళికొడుకు పాపం అది పెళ్ళికూతురి వయసేమో అనుకున్నాడు.

ఆ టీచరుకీ ఒక పేరుండేది, నిమిషం మేడమ్ అని. అరనిమిషం లెక్కపెట్టి రెండుతో గుణిస్తే ఆవిడకు ఒళ్ళు మండేది. “సగం మనిషిని చూసి మిగతా సగం గుణించుకుంటావా? నిండు నిమిషం చూడు” అనేవారు. డ్యూటీ మారేటప్పుడు పేషెంటును అప్పగిస్తే, తీసుకునే నర్సు ప్రతి మాటా తిరిగి చెప్పాలి. అలా చెప్పకపోతే అప్పగించినట్టే కాదని గదిలోంచి కదలనిచ్చేవారు కాదు. ఊపిరి లెక్కపెట్టే పద్ధతీ ఆవిడ నేర్పిందే. మణికట్టు మీద మూడు వేళ్ళు వేసి నాడి చూడు. అది అయ్యాక చెయ్యి వదలకు. ఇంకా నాడే చూస్తున్నట్టు నటిస్తూ, కళ్ళు మాత్రం ఛాతీ మీదికి తిప్పు. ఎందుకంటే, నాడి మనిషి చెప్పినట్టు వినదు, జ్వరం వినదు, కానీ ఊపిరి వింటుంది. ఎవరో లెక్కపెడుతున్నారని తెలిస్తే చాలు, మారిపోతుంది. “నేను మీకు నేర్పే అబద్ధం ఇదొక్కటే, దీన్ని బాగా నేర్చుకోండి” అని చెప్పి, నవ్వకుండా క్లాసు ముగించేవారు.

ఇప్పుడు ఇరవై జుట్టు సగం నెరిసింది. ఆడవాళ్ళ ఆపరేషన్ల వార్డుకు ఆమె ఇన్‌ఛార్జి. ఆ వార్డులోనే, గోడ పక్క మంచం మీద, రిటైరైన నిమిషం మేడమ్ పడుకుని ఉన్నారు. గాల్ బ్లాడరులో రాళ్ళుంటే తీసేశారు. మొదటి రెండు రోజులూ ఆవిడ వార్డుకు చుక్కలు చూపించారు. దుప్పటి మూల సరిగా మడవలేదని ఒకరికి, గోళ్ళు పెరిగాయని ఇంకొకరికి, సెలైను మరీ నెమ్మదిగా పడుతోందని డాక్టరుకే క్లాసు పీకారు. చిన్న నర్సులు ఆ మంచం దగ్గరికి వెళ్ళేముందు చీట్లు వేసుకునేదాకా వచ్చింది వ్యవహారం.

ఆ సందట్లో కూడా ఆవిడ రోజూ అడిగే మాట ఒకటుంది. “నన్ను ఎప్పుడు పంపిస్తారు?” ఇంట్లో ఆవిడ అక్క ఉంది. పెద్దామెకు మతిమరుపు ముదిరిపోయి ఏళ్ళయింది. కొళాయి తిప్పి కట్టేయడం మర్చిపోతుంది, తలుపు తీసుకుని వీధిలోకి పోతుంది, చెల్లెలి చేత్తో పెడితే తప్ప ముద్ద మింగదు. పెళ్ళి చేసుకోని మేడమ్‌కూ, భర్త పోయిన ఆ అక్కకూ ఒకరికొకరే. ఎదురింటావిడ చెంచాతో గంజి పట్టిస్తూ కాస్త కనిపెట్టుకుని ఉంటానంది గానీ, ఆమె కూతురికి నెలలు నిండాయి. నాలుగో రోజు మధ్యాహ్నం బండికి ఆమె కూతురి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ వేళకి మేడమ్ ఇంట్లో ఉండి తీరాలి.

మూడో రోజు పొద్దున పెద్ద డాక్టరు వచ్చి, చార్టు చూసి, “అన్నీ భేష్‌గా ఉన్నాయి, రేపు ఇంటికెళ్ళొచ్చు” అన్నారు. మేడమ్ నవ్వారు. ఇరవై కూడా ఊపిరి పీల్చుకోవాలి, వార్డుకు పీడ విరగడవుతోందని చిన్న నర్సులతో కలిసి సంతోషించాలి. కానీ ఆమెకు ఏదో తేడా కొట్టింది.

దుప్పటి మూల వేలాడుతోంది. మేడమ్ ఏమీ అనలేదు. ఇది మొదటిది. బయట ఎండ మండిపోతుంటే ఆవిడ శాలువా మెడదాకా లాక్కుని ఉన్నారు. ఇది రెండోది. మూడోది మాట. చాట భారతం చెప్పే మనిషి తెగ్గొట్టి తెగ్గొట్టి మాట్లాడుతున్నారు.

“ఎలా ఉంది మేడమ్?”

“బాగానే... ఉన్నా.”

“నొప్పి ఏమైనా?”

“లేదు.”

అంతే. ఆ తర్వాత ‘నీ టోపీ పిన్ను వంకరగా ఉంది’ అనాలి. అనలేదు. అది నిజంగానే వంకరగా ఉంది.

ఇరవై స్వయంగా చూసింది. నాడి ఎనభై నాలుగు. జ్వరం లేదు. బీపీ పై అంకె నూటపన్నెండు. వేలి క్లిప్పు తొంభై నాలుగు చూపించింది, కాస్త తక్కువే గానీ ఆ వయసుకు సరిపెట్టుకోవచ్చు. చివరికి మేడమ్ మణికట్టు వదలకుండా, నేర్చుకున్న పద్ధతిలోనే, కళ్ళు శాలువా మీదికి తిప్పింది. శాలువా ఒక తూకంలో లేస్తోంది, దిగుతోంది. పద్దెనిమిది. మేడమ్ కళ్ళు మూసుకుని ఉన్నారు, ఆ మొహం మాత్రం నిద్రపోయేవాళ్ళ మొహంలా లేదు.

ఇరవై చార్టు వెనక్కి తిప్పి చూసింది. పొద్దున పద్దెనిమిది. నిన్న రాత్రి పద్దెనిమిది. నిన్న మధ్యాహ్నం పద్దెనిమిది. మేడమ్ అంటే ఉన్న భయంకొద్దీ చిన్న నర్సులు నిజంగానే లెక్కపెట్టారు, అందులో అనుమానం లేదు. కానీ నిద్రలోనూ పద్దెనిమిదే, బాత్‌రూముకు నడిచి వచ్చాకా పద్దెనిమిదేనా? ప్రాణమున్న మనిషి అంత పుస్తకంలా ఊపిరి తీస్తుందా? అప్పుడు వెలిగింది ఆమెకు. చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నట్టు నటించే విద్య నేర్పిన మనిషి దగ్గరే ఆ విద్య ప్రదర్శిస్తే పప్పులుడుకుతాయా? మణికట్టు మీద వేళ్ళు పడగానే మేడమ్ పాఠం మొదలుపెడుతున్నారు. పీల్చు, వదులు, పీల్చు, వదులు. నర్సు వెళ్ళాక ఏం జరుగుతోందో శాలువాకే తెలుసు.

ఒక్క దారం దొరికితే మిగతావీ ఊడి వచ్చాయి. క్లాసులో బీపీ చూడ్డం నేర్పడానికి మేడమ్ ఎప్పుడూ తన చెయ్యే ఇచ్చేవారు. ఎన్నేళ్ళు చూసినా నూటయాభైకి తగ్గేది కాదు, “మీలాంటి వాళ్ళకి చదువు చెబితే ఇంకెంతుంటుంది” అనేవారు. నూటపన్నెండు లోకానికి మంచి బీపీ. ఆవిడకు మాత్రం అది కిందికి జారిపోవడం. నాడి ఎనభై నాలుగుంటే మంచిదే, కానీ గుండెదడకు ఆవిడ ఏళ్ళ తరబడి వేసుకునే మాత్ర గుండెను పరిగెత్తనివ్వదు. ఇక జ్వరం. పొద్దున రుమాలు తీసుకోవడానికి మేడమ్ హ్యాండుబ్యాగు తెరిచినప్పుడు, అందులో పారాసెటమాల్ షీటు సగం ఖాళీగా కనిపించింది. నొప్పికని వార్డులో ఇచ్చే మాత్రలు కాక ఇవి ఎందుకోసం?

ఇరవై పరుగున డ్యూటీ డాక్టరు దగ్గరికెళ్ళి ఇదంతా చెప్పింది. ఆయన కుర్రవాడే గానీ చెవిన పెట్టే రకం. వెంటనే వచ్చి మేడమ్‌ను అడిగాడు కూడా. రక్తపరీక్ష చేద్దామంటే వద్దన్నారు, ఎక్స్‌రే అంటే వద్దన్నారు. “కుట్ల నొప్పికి... మాత్ర వేసుకున్నా. బీపీ తగ్గితే... మంచిదేగా బాబూ” అని తియ్యగా నవ్వారు. ఆయన బయటికొచ్చి తల గోక్కున్నాడు.

“సిస్టర్, మీ మాట నేను కొట్టిపారెయ్యట్లేదు. కానీ వద్దనే హక్కు ఆవిడకుంది. ఏది చూసినా బాగానే ఉంది. బలవంతం చేస్తే ఇప్పుడే సంతకం పెట్టి పోతానంటున్నారు. దేన్ని పట్టుకుని ఒప్పించమంటారు? ఒక్క అంకె తెచ్చివ్వండి, మిగతాది నేను చూసుకుంటా.”

ఒక్క అంకె. ఇరవై మందుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆమెకు భయం వేసింది, దాచడమెందుకు. మేడమ్ ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫెక్షన్ రగులుతోంది. రేపు ఇంటికెళ్తారు. ఎల్లుండికల్లా ఊపిరాడక పడిపోతారు. పక్కన ఉండేది, ఫోను అంటే ఏమిటో మర్చిపోయిన అక్క. ఆ అంకె తనంతట తను బయటికి రావాలి. చూస్తున్నారని తెలిసినంతసేపూ మేడమ్ ఊపిరి అబద్ధమే చెబుతుంది. మరి మేడమ్ తన ఊపిరి సంగతి ఎప్పుడు మర్చిపోతారు?

మధ్యాహ్నం బంధువులు వెళ్ళిపోయి వార్డు కునుకు తీస్తోంది. మేడమ్ పక్క మంచం మీద మోకాలి ఆపరేషనైన బామ్మ నోరు తెరుచుకుని గుర్రు పెడుతోంది. ఇరవై ట్రాలీ తోసుకొచ్చి బామ్మ పక్కన ఆగింది. బామ్మ మొహం వైపు ఒక చూపు విసిరి, రాసుకుంటూ పైకే అంది.

“శ్వాస... ఇరవై.”

పక్క మంచం మీద శాలువా కదిలింది.

“ఏమన్నావ్?”

“ఇరవై మేడమ్.”

“అసలు... చూశావా?”

“చూశాగా మేడమ్. ముప్పై మంచాలున్నాయి, ఒక్కో మంచం దగ్గరా నిలబడితే ఇక్కడే తెల్లారుతుంది. అయినా అందరికీ ఇరవయ్యేగా ఉండేది.”

మేడమ్ మోచేతుల మీద లేచి కూర్చున్నారు. పొద్దుటి నుంచి చచ్చిపోయిందనుకున్న కోపం కళ్ళలోకి తిరిగొచ్చింది.

“సిగ్గులేదూ? ఇన్‌ఛార్జివి... అయ్యావు. నీ కింద... అంతమంది పిల్లలు. నిన్ను చూసి... వాళ్ళేం నేర్చుకుంటారు? వాచీ... ఇటు తే!”

ఇరవై తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని, గుండె మీద పిన్నుతో పెట్టుకున్న వాచీ తీసి ఇచ్చింది. మేడమ్ కాళ్ళు కిందికి వేలాడేసి మంచం అంచున కూర్చున్నారు. రెండు మంచాల మధ్య చేతికందేంత దూరమే. ముందుకు వంగి బామ్మ మణికట్టు మీద మూడు వేళ్ళు వేశారు. శాలువా భుజం మీదనుంచి జారి ఒళ్ళో పడింది. ఆవిడ పట్టించుకోలేదు.

“మొదలు” అన్నారు తనలో తనే, వాచీ ముల్లు చూస్తూ.

ఇరవై బామ్మ కాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. చూసేవాళ్ళకు తిట్లు తిన్న పిల్లలా ఉంది. కళ్ళు మాత్రం మేడమ్ మెడ కింది గుంట మీద ఉన్నాయి. ఆ క్షణం నుంచి మేడమ్ పేషెంటు కాదు. కొన్ని వందల మంది పిల్లలకు పని నేర్పిన మనిషి తన పనిలో పడిపోయింది. ఆవిడ చూపంతా బామ్మ ఛాతీ మీద, ధ్యాసంతా లెక్క మీద. ఎవరూ కాపలా కాయని ఆవిడ ఊపిరి అసలు రూపంలో బయటపడింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ప్రతి ఊపిరికీ మెడ గుంట లోపలికి లాక్కుపోతోంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఇరవై లెక్కపెడుతోంది. పన్నెండు, పదమూడు. ఇంత చిన్న చిన్న ఊపిరులతో ఈవిడ నిన్నటి నుంచి ఎలా నెట్టుకొచ్చారు? ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఆమెకు కళ్ళు మసకబారాయి, తుడుచుకుంటే లెక్క తప్పుతుందని తుడుచుకోలేదు.

“అయింది” అన్నారు మేడమ్. గెలిచిన మొహంతో తలెత్తారు. “పదహారు. ఇరవై... కాదు. రాసుకో.”

“రాసుకుంటా మేడమ్. బామ్మది పదహారు.” ఇరవై పెన్ను తీసింది. “మీది ముప్పై నాలుగు.”

మేడమ్‌కు వెంటనే అర్థం కాలేదు. ఇరవై మొహం చూశారు, చేతిలో వాచీ చూశారు, ఒళ్ళో పడి ఉన్న శాలువా చూశారు. శాలువా మెల్లగా పైకి లాక్కున్నారు గానీ, ఇక కప్పుకుని ఏం లాభం?

“నిండు నిమిషం... చూశావా?”

“వాచీ మీ దగ్గరే ఉంది మేడమ్. మొదలన్నదీ మీరే, అయిందన్నదీ మీరే.”

మేడమ్ పెదవుల మీదికి నవ్వులాంటిది ఏదో వచ్చి పోయింది. పిల్ల పాఠం నేర్చుకుందన్న గర్వం ఉంది అందులో, పట్టుబడిపోయానన్న దిగులు కూడా ఉంది. ఆ తర్వాత ఆవిడ చేసిన పని ఇరవై కలలో కూడా ఊహించనిది. చెయ్యి చాపి ఇరవై చీర చెంగు పట్టుకున్నారు. గొంతు బాగా తగ్గించారు.

“రాయకు తల్లీ. రేపు... ఒక్క రోజు. ఇంటికెళ్ళి... అక్కని చూసుకుని, ఏదో ఏర్పాటు చేసి... మళ్ళీ వస్తా. ఇరవై అని రాయి. నీకు... అలవాటేగా.”

ఖాళీ మంచం పక్కన నిలబెట్టి పరువు తీసిన మనిషి. అరనిమిషం లెక్కకు చార్టు మొహాన కొట్టిన మనిషి. ఆ మనిషే చెంగు పట్టుకుని అబద్ధం రాయమని బతిమాలుతోంది. రాసేద్దామని ఇరవైకి అనిపించింది, ఒక్క క్షణం. ఎవరికి తెలుస్తుంది? అక్కకోసం ఆవిడ పడే తపన ముందు ఒక అంకె ఎంత? కానీ మెడ కింది గుంట అలా లాక్కుపోతూనే ఉంది.

“అప్పుడు నేను రాసింది ఖాళీ మంచానికి మేడమ్. ఇప్పుడు అదే రాస్తే ఈ మంచం ఖాళీ అవుతుంది.”

“అక్క... వేరేవాళ్ళ చేతి ముద్ద... తినదు.”

“తినకపోతే తినేదాకా బతిమాలతా. సెలవు పెడతా. మా అత్తగారిని తీసుకెళ్ళి కూచోబెడతా. మీరు ఇంటికెళ్ళి రేపో ఎల్లుండో పడిపోతే, ఆవిడ ఎవర్ని పిలుస్తారు మేడమ్? ఎలా పిలుస్తారు?”

ఆ మాట అనకూడదని తెలిసే అంది. మేడమ్ మొహం గోడవైపు తిప్పుకున్నారు. భుజాలు ఎగిరి పడుతూనే ఉన్నాయి. మొహం ఇటు తిప్పకుండానే, చెయ్యి మాత్రం శాలువాలోంచి బయటికి చాపారు.

“తియ్యి. రక్తం... ఎంత కావాలో తీసుకోండి.”

ఇరవై చార్టులో ముప్పై నాలుగు అని రాసి డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన మెట్లు రెండేసి దాటుకుంటూ వచ్చాడు. సాయంత్రానికి ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగుభాగం తెల్లగా కమ్మేసి కనిపించింది. న్యుమోనియా. విషం రక్తంలోకి పాకడం మొదలైంది. మాత్రల ప్రభావం దిగాక దాచుకున్న జ్వరం కూడా ఒక్కసారిగా ఎగదన్నింది. మేడమ్‌ను ఆక్సిజన్ ఉండే గదిలోకి మార్చారు. పెద్ద డాక్టరు వచ్చి, మందులు మార్చి, ఇరవైతో ఒకటే మాట అన్నారు. “పొద్దున నేను ఆవిణ్ణి చూడలేదు సిస్టర్, చార్టు చూశాను.”

రెండు రోజులు గడ్డుగానే గడిచాయి. మూడోనాటి సాయంత్రం ఇరవై గదిలోకి వచ్చేసరికి మేడమ్ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉన్నా మాట తెగడం తగ్గింది. కిటికీలోంచి పల్చటి ఎండ మంచం మీద పడుతోంది.

“ఆ టోపీ పిన్ను చూసుకోవా ఎప్పుడూ?” అన్నారు.

ఇరవైకి ప్రాణం లేచొచ్చింది. పిన్ను సరిచేసుకుని పక్కన కూర్చుంది. మేడమ్ ఆమె చెయ్యి చేతిలోకి తీసుకున్నారు.

“అక్క ఎలా ఉంది?”

“చక్కగా ఉన్నారు మేడమ్. మా అత్తగారితో బాగా పొత్తు కుదిరింది. ఆవిడ చెప్పిన కథే మళ్ళీ మళ్ళీ చెబుతారు, మీ అక్కగారు ప్రతిసారీ కొత్తగా వింటారు. ఇంతకాలానికి మా అత్తగారికి దొరకాల్సిన మనిషి దొరికింది.”

మేడమ్ నవ్వారు. “తింటోందా?”

“తింటున్నారు మేడమ్. శుభ్రంగా తింటున్నారు.”

మేడమ్ చెయ్యి వదల్లేదు. మూడు వేళ్ళు మణికట్టు మీదే ఉన్నాయి. ఇరవై అప్పుడు గమనించింది. తేలిగ్గా నవ్వబోయింది.

“నా నాడి ఎంతుంది మేడమ్?”

“నీ నాడి ఎవరు చూస్తున్నారు?” అన్నారు మేడమ్. ఆవిడ కళ్ళు ఇరవై మెడ దగ్గర ఉన్నాయి. “తింటున్నారు అనే ముందు ఊపిరి బిగబట్టావు. నిజం చెప్పు.”

ఈవిడ దగ్గర దాచి లాభం లేదు.

“మొదటిరోజు కంచం విసిరేశారు మేడమ్. నిన్న పొద్దున కూడా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టుకోలేదు. తలుపు దగ్గర కూచుని వీధికేసి చూస్తూనే ఉన్నారు. మా అత్తగారు బతిమాలారు, నేను బతిమాలాను. నాకు ఏడుపొచ్చింది. ఇక ఏం చెయ్యాలో తోచక, నీరసపడుతున్నారేమోనని, అలవాటుగా నాడి చూద్దామని చెయ్యి పట్టుకున్నా.”

“ఎలా పట్టుకున్నావు?”

“మీరు నేర్పినట్టే. ఇలా, మూడు వేళ్ళతో. ఆవిడ నా చేతి కేసి చూశారు. మొహం ఎత్తి చూడనే లేదు, చేతినే చూశారు. ‘చెల్లీ, వచ్చావా? ఇవాళ ఇంత ఆలస్యం చేశావేం?’ అన్నారు. నోరు తెరిచారు. ఎనిమిది ముద్దలు తిన్నారు మేడమ్. ఇవాళ మధ్యాహ్నం కూడా అంతే. చెయ్యి పట్టుకుంటేనే.”

మేడమ్ కళ్ళలోంచి నీళ్ళు జారి ఆక్సిజన్ గొట్టం మీదుగా చెంపల కిందికి పోయాయి. తుడుచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. మెల్లగా అన్నారు.

“ముద్ద పెట్టే ముందు రోజూ చూస్తాను. నాడి, ఊపిరి. రోజూ మూడు పూటలా. నేనేదో ఆవిణ్ణి కనిపెడుతున్నాననుకున్నా. ఆవిడా నన్ను అలాగే గుర్తుపడుతోందని తెలీలేదు.”

గదిలో ఆక్సిజన్ సీసాలో నీళ్ళ బుడగలు చప్పుడు చేస్తున్నాయి. ఇరవై కూడా చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. మేడమ్ దిండు మీద కాస్త పైకి జరిగారు. గొంతులోకి పాత క్లాసురూము వచ్చింది.

“ఇంకో వారం నన్ను కదలనివ్వరట. అందుకని అప్పగిస్తున్నా. సరిగ్గా విను. అక్కకి కుడి చెవి వినపడదు, ఎప్పుడూ ఎడమ వైపు కూచో. నీళ్ళు గ్లాసుతో ఇవ్వకు, పొలమారుతుంది, చెంచాతో పట్టు. స్నానం అంటే ఏడుస్తుంది, తల దువ్వుతానని చెప్పి తీసుకెళ్ళు. దీపం ఆర్పితే నిద్రపోదు. నేనెక్కడున్నానని అడిగితే, పిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్ళానని చెప్పు. చెప్పు, ఇప్పుడు నువ్వు చెప్పు.”

ఇరవై లేచి నిలబడింది. నిలబడకుండా చెప్పడం చేతకాలేదు.

“కుడి చెవి వినపడదు, ఎడమ వైపు కూచోవాలి. నీళ్ళు చెంచాతో. స్నానానికి తల దువ్వుతానని చెప్పాలి. దీపం ఆర్పకూడదు. మీరు పిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్ళారు.”

మేడమ్ ఒక్కొక్క మాటకూ తల ఊపుతూ విన్నారు. ఆ తర్వాత ఆమె మణికట్టు మీదనుంచి మూడు వేళ్ళూ తీసేశారు.

“సరే, ఇక వెళ్ళు” అన్నారు. “అక్కకి ఆకలేసే వేళయింది.”